పికప్‌లో మిర్చి లోడు వేస్తే స్టీరింగ్ తేలిపోతోంది, తప్పెక్కడ?

త్రిపురాంతకం_రైతు · ఫిబ్రవరి 20, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. సంక్రాంతి ముందు సెకండ్‌హ్యాండ్‌లో ఒక పికప్ తీసుకున్నాను. ఇన్నేళ్లూ కిరాయి బళ్లలోనే గుంటూరు యార్డుకి కాయ తోలేవాళ్లం. ఈ ఏడు నా సరుకుతో పాటు ఊళ్లో ఇంకో ఇద్దరి సరుకు కూడా నేనే తోలుదామని ధైర్యం చేశాను. మొన్న మొదటి ట్రిప్పు వేశాం. 48 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. క్యాబిన్‌లో నేను, సరుకు తాలూకు మనుషులు ఇద్దరు.

తొట్టిలో 44 పట్టాయి. మిగిలిన నాలుగూ ఎక్కడ పెట్టాలో తెలియక, వెనక డోరు దించి గొలుసుల మీద ఆపి, దాని మీద పేర్చారు. వినుకొండ దాకా నెమ్మదిగా వచ్చాను, ఏమీ తెలియలేదు. ఆ తర్వాత స్పీడు అరవై దాటగానే స్టీరింగ్‌లో బరువు పోయింది. తిప్పితే బండి ఒక క్షణం ఆలోచించుకుని తిరుగుతున్నట్టుంది. ఎదురుగా లారీ దాటినప్పుడల్లా బండి ముక్కు పక్కకి జరుగుతోంది. నరసరావుపేట ఇంకా రాకముందే గేదె ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కితే ముందు చక్రాలు కీచుమని జారాయే గానీ బండి ఆగలేదు. గేదే తప్పుకుంది. అక్కడి నుంచి గుంటూరు దాకా నలభై దాటలేదు. యార్డులో దిగాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మెకానిక్ అలైన్‌మెంట్ చూసి బాగానే ఉందన్నాడు. వెనక కమాను పట్టీలు (స్ప్రింగు పట్టీలు) రెండు అదనంగా వేయిస్తే సరిపోతుంది అంటున్నాడు. వేయించమంటారా?

ఇంకో మాట. కళ్లం నుంచి రోడ్డు దాకా మా తమ్ముడి ట్రాక్టర్ ట్రక్కులో తోలతాం. చెరువు కట్ట ఎక్కి దిగాలి. దాంట్లో లోడు ఎలా వేయాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి. వచ్చే శనివారం రెండో ట్రిప్పు ఉంది.

మాచర్ల_బండి · రాత్రి 9:34

పట్టీలు వేయించండి అన్నా, ఆలోచించకండి. నేను మూడు సీజన్లుగా 50, 55 టిక్కీలు తోలుతున్నాను. లోడు మీద స్టీరింగ్ కొంచెం తేలిక అవ్వడం మామూలే. అలవాటైతే తెలియదు. స్పీడు తగ్గించుకోండి, చాలు.

లారీ_30ఏళ్లు · రాత్రి 10:20

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. ఆర్‌సీ తీసి రెండు అంకెలు ఇక్కడ పెట్టు. బండి ఖాళీ బరువు ఒకటి, లోడుతో ఉండాల్సిన మొత్తం బరువు ఒకటి. అవి చూడకుండా ఎవరు ఏం చెప్పినా ఉపయోగం లేదు. పట్టీల సంగతి తర్వాత.

త్రిపురాంతకం_రైతు · రాత్రి 10:31

ఖాళీ బరువు 1,740. లోడుతో 3,240. టిక్కీ ఒక్కోటి 45 కిలోలు వేసుకోండి.

లారీ_30ఏళ్లు · రాత్రి 11:15

అయితే లెక్క చూద్దాం. 3,240లోంచి 1,740 తీస్తే 1,500 కిలోలు. అదంతా సరుకుకే అనుకుంటారు చాలామంది. కాదు. నువ్వు, నీ పక్కన కూర్చునే మనిషి, స్టెప్నీ కాకుండా నువ్వు పెట్టుకునే జాకీ, తాళ్లు, పట్టా అన్నీ అందులోంచే పోవాలి. ఇద్దరు మనుషులకి 150 తీసెయ్. మిగిలింది 1,350. అంటే 30 టిక్కీలు. నువ్వు వేసింది 48. మనుషులతో కలిపి ఎనిమిది వందల కిలోల పైనే ఎక్కువ.

కానీ స్టీరింగ్ తేలింది ఒక్క బరువు వల్లే కాదు. ఆ బరువు ఎక్కడ కూర్చుందన్నది అసలు సంగతి. ఏతం చూసిన వయసో కాదో నీది, మా చిన్నప్పుడు బావి దగ్గర ఏతం తొక్కేవాళ్లు. దుంగ మీద మనిషి ఒకవైపు నడిస్తే రెండోవైపు పైకి లేస్తుంది. పికప్‌లో ఆ దుంగకి ఆధారం వెనక ఇరుసు. ఇరుసుకి ముందు వేసిన బస్తా ముందు చక్రాలకి కూడా కొంత బరువు ఇస్తుంది. ఇరుసుకి వెనక వేసిన బస్తా ముందు చక్రాలని పైకి ఎత్తుతుంది.

నువ్వు డోరు మీద వేసిన నాలుగు టిక్కీలు 180 కిలోలు. ఇరుసు నుంచి మీటరున్నర వెనక ఉంటాయి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య మూడు మీటర్లు అనుకుందాం. అంటే ఆ నాలుగు టిక్కీలే ముందు చక్రాల మీది నుంచి 90 కిలోలు ఎత్తేశాయి. తొట్టి వెనక భాగంలో ఉన్నవి ఇంకెంత ఎత్తాయో చూసుకో. బండిని తిప్పేవి ముందు చక్రాలే. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవీ అవే. వాటికి రోడ్డు మీద పట్టు లేకపోతే గేదె కాదు, బడికి పోయే పిల్లాడు అడ్డం వచ్చినా అంతే జరిగేది.

ఇక పట్టీలు. పట్టీలు ఎక్కువ వేయిస్తే బండి వెనక్కి కూర్చోదు, అంతవరకే. ఇరుసు అదే, బ్రేకులు అవే, టైర్లు అవే, ఛాసిస్ అదే. వెనక వంగిపోయినప్పుడు ఎక్కువైంది అని బండి నీకు చెప్తోంది. పట్టీలు వేయిస్తే ఆ చెప్పడం మానేస్తుంది.

ఇంకోటి. రాత్రి ప్రయాణంలో ఎదురొచ్చినవాళ్లు నీకు డిప్పర్ కొట్టారా? బండి వెనక భాగం కిందికి కూర్చుంటే నీ హెడ్‌లైట్లు వాళ్ల కళ్లలోకి లేస్తాయి.

త్రిపురాంతకం_రైతు · ఫిబ్రవరి 21, ఉదయం 6:05

అన్నా, గుంటూరు చేరేసరికి తెల్లవారుజాము. చిలకలూరిపేట వైపు నుంచి వచ్చే రోడ్డు కలిసే దగ్గర నుంచి ప్రతివాడూ లైటు కొడుతూనే ఉన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

టైర్ల_కొట్టు_పల్నాడు · ఉదయం 8:40

మా కొట్టుకి ఏప్రిల్, మే నెలల్లో పగిలిన టైరుతో వచ్చే పికప్‌లలో చాలావాటికి కథ ఒకటే. లోడు ఎక్కువ, గాలి తక్కువ, ఎండ. గాలి తక్కువైన టైరు తిరిగినప్పుడల్లా పక్కగోడ నలుగుతుంది. నలిగేకొద్దీ లోపల వేడెక్కుతుంది. పగిలేది గుంటలో పడి కాదు, సాఫీ రోడ్డు మీద స్పీడులో.

అన్నా, మీ వెనక టైరు పక్కగోడ మీద సైజు తర్వాత ఒక అంకె ఉంటుంది చూడండి. 109/107 లాగా. మొదటి అంకె సింగిల్ టైరుకి, రెండోది జంట టైర్లకి. 109 అంటే ఆ టైరు మోయగలిగింది 1,030 కిలోలు. రెండు టైర్లకి 2,060. అది కూడా కంపెనీ చెప్పిన గాలి పూర్తిగా ఉంటేనే. మీ 48 టిక్కీల లోడులో వెనక ఇరుసు మీదే మూడు టన్నుల దాకా పడి ఉంటుంది. ఆ టైర్లు గుంటూరు చేరడమే అదృష్టం.

గాలి పొద్దున బండి కదలకముందు చూసుకోండి. వేడి టైరులో ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకూడదు, చల్లారాక తక్కువైపోతుంది. ముందు ఎంత, వెనక ఎంత అన్నది బండి మాన్యువల్‌లో ఖాళీకి వేరుగా, లోడుకి వేరుగా ఉంటుంది. నాలుగింటికీ ఒకటే కొట్టించేయడం మన దగ్గర పెద్ద అలవాటు. స్టెప్నీకి కూడా గాలి చూపించండి. లోడు బండి నడిరోడ్డు మీద ఆగాక దాంట్లో గాలి లేదని తెలిస్తే ఎంత నరకమో పడినవాళ్లకే తెలుసు.

మాచర్ల_బండి · ఉదయం 10:02

మీరందరూ చెప్పేది కాదనను. కానీ 30 టిక్కీలకి డీజిలు, హమాలీ, డ్రైవర్ బత్తా పోను కిరాయిలో ఏం మిగులుతుంది? బండి ఫైనాన్స్ కిస్తీ ఎవరు కడతారు? రోడ్డు మీద ఉన్న ప్రతి పికప్ వాడూ ఇంతే వేస్తున్నాడు. మేమొక్కళ్లం తక్కువ వేస్తే బేరం పక్క బండికి పోతుంది.

లారీ_30ఏళ్లు · ఉదయం 11:30

నీ బాధ నిజం తమ్ముడూ. నేనూ కిస్తీలు కట్టినవాణ్నే, ఆ టెన్షన్ నాకు తెలుసు. కానీ కిరాయి బండికి కాదు, టిక్కీకి మాట్లాడుకో. అరవై టిక్కీలు ఉంటే రెండు పికప్‌లు, లేదా ముగ్గురు రైతులు కలిసి ఒక ఐషర్ లారీ. పెద్ద బండిలో టిక్కీకి పడే ఖర్చు పికప్ కంటే తగ్గుతుంది. పికప్ పుట్టింది చిన్న లోడుకి, చిన్న దూరానికి. దాన్ని లారీలాగా వాడితే క్లచ్ ప్లేటు, వెనక బేరింగులు, టైర్లు, పట్టీలు సీజన్ ఆఖరికి ఎంత తింటున్నాయో ఒక పుస్తకంలో రాసి చూడు. ఆ మిగులు ఎక్కడికి పోతోందో కనిపిస్తుంది.

వకీలు_ఒంగోలు · మధ్యాహ్నం 1:15

చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. 2019 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకి 20,000 రూపాయల జరిమానా. ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. అక్కడితో అయిపోదు, ఎక్కువ సరుకుని అక్కడే దింపించాలి, ఆ ఖర్చూ బండివాడిదే. రోడ్డు పక్కన దించిన మిర్చి మీద వాన పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బాడీకి పక్కలకి, ముందుకి, వెనక్కి, లేదా ఎత్తులో హద్దు దాటి సరుకు బయటకి వస్తే దానికి వేరే నిబంధన ఉంది. దానికీ 20,000. అంటే డోరు దించి దాని మీద వేసిన నాలుగు టిక్కీలు బరువులో లెక్కకి వస్తాయి, బయటకి పొడుచుకు వచ్చినందుకూ లెక్కకి వస్తాయి.

లైసెన్సు గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి అదీ చెప్తాను. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చింది. మీ పికప్ అందులోకే వస్తుంది.

కోర్టులో నేను చూసిన కేసుల్లో బాధ కలిగించేవి సరుకు మీద కూర్చున్న మనుషులవి. క్యాబిన్‌లో చోటు లేదని బస్తాల మీద కూర్చుంటారు. బండి పక్కకి ఒరిగితే ముందు ఎగిరిపడేది వాళ్లే. గూడ్స్ బండిలో సరుకు మీద మనిషి ఉండకూడదు కాబట్టి తర్వాత నష్టపరిహారం దగ్గర ఆ కుటుంబం ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది. దయచేసి హమాలీలని బస్సెక్కించండి.

ఖమ్మం_ట్రాలీ · సాయంత్రం 6:50

ట్రాక్టర్ గురించి నేను చెప్తాను. మీరు ట్రక్కు అంటారు, మా దగ్గర ట్రాలీ అంటాం. మీది రెండు చక్రాలదా, నాలుగు చక్రాలదా? నాలుగు చక్రాలదైతే దాని బరువు అదే మోసుకుంటుంది. రెండు చక్రాలదైతే కొంత బరువు ట్రాక్టర్ హుక్కు మీద కూర్చుంటుంది. దాన్ని బట్టే అంతా.

రెండు చక్రాల ట్రాలీలో సరుకు ఇరుసుకి కొంచెం ముందుకి ఉండాలి. అంతా వెనక వేస్తే హుక్కుని పైకి లేపుతుంది, ట్రాక్టర్ పెద్ద చక్రాలకి పట్టు పోతుంది. కట్ట ఎక్కేటప్పుడు చక్రం అక్కడే తిరుగుతుంది. అంతా ముందు వేస్తే హుక్కుని కిందికి తొక్కుతుంది, ఎక్కుడులో ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి. మా ఊళ్లో ఒకాయన చెరువు కట్ట ఎక్కుతుంటే ట్రాక్టర్ ముక్కు నిలువుగా లేచింది. క్లచ్ తొక్కాడు కాబట్టి బతికాడు. తర్వాత చూస్తే లాగే గొలుసు హుక్కుకి కాకుండా పైన టాప్ లింక్ దగ్గర కట్టి ఉంది. లాగేది ఏదైనా కింది హుక్కుకే తగిలించాలి, పైన ఎప్పుడూ కాదు.

హుక్కు పిన్ను చూసుకోండి. చాలామంది అసలు పిన్ను పోతే ఇనుప కడ్డీ ముక్క దూర్చి నడుపుతారు. గుంటలో ఎగిరితే కడ్డీ పైకి జారి ఊడుతుంది. పిన్నుకి కింద క్లిప్పు ఉండాలి. ట్రాలీకీ ట్రాక్టర్‌కీ మధ్య గట్టి గొలుసు ఒకటి విడిగా ఉండాలి. పిన్ను ఊడినా ట్రాలీ విడిపోకుండా అది పట్టుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకు. ట్రాక్టర్‌కి కుడి, ఎడమ చక్రాలకి వేరువేరు పెడళ్లు ఉంటాయి. దుక్కిలో మలుపు తిప్పడానికి విడదీసుకుంటాం. రోడ్డెక్కే ముందు ఆ రెండిటినీ కలిపే పట్టీ వేసి తీరాలి. లోడు ట్రాలీతో దిగుడులో ఒక్క పెడలే తొక్కారంటే ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది, వెనక నుంచి ట్రాలీ వచ్చి దాన్ని బోల్తా కొట్టిస్తుంది. మన ట్రాలీలకి చాలావాటికి సొంత బ్రేకులు లేవు. ఆపాల్సిన భారమంతా ట్రాక్టర్‌దే. అందుకని కట్ట దిగే ముందే పైన ఆగి, చిన్న గేరు వేసి, అదే గేరులో దిగాలి. డీజిలు ఆదా అని న్యూట్రల్ చేయొద్దు. సగం దిగాక గేరు మారుద్దామని క్లచ్ తొక్కొద్దు.

మనుషుల్ని ట్రాలీలో ఎక్కించకండి. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ కాలువలో పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆ వార్త వచ్చిన రోజు మా ఇంట్లో అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు. అప్పటి నుంచి మా ట్రాలీలో సరుకు తప్ప మనిషి ఎక్కింది లేదు. కూలీలకి ఆటో మాట్లాడి పంపిస్తున్నాం.

త్రిపురాంతకం_రైతు · రాత్రి 8:15

మాది రెండు చక్రాలదే అన్నా. మీరు చెప్పాక ఇప్పుడే కొట్టంలోకి పోయి టార్చి వేసి చూశాను. పిన్ను బదులు పదహారు ఎంఎం చువ్వ ముక్క ఉంది. క్లిప్పు లేదు. పెడళ్లు కలిపే పట్టీ తుప్పు పట్టి కదలడం లేదు. మా తమ్ముడు నాలుగేళ్లుగా ఇలాగే నడుపుతున్నాడు. పొద్దున్నే రెండూ మార్పిస్తాను.

డాలస్_నుంచి · ఫిబ్రవరి 22, ఉదయం 7:25

మాది పొన్నూరు దగ్గర. పదకొండేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ పికప్ వెనక ట్రైలర్ తగిలించుకుని పోవడం మామూలు విషయం. ఆ ఏతం పోలిక చదవగానే నాకు జరిగింది గుర్తొచ్చి రాస్తున్నాను.

స్నేహితుడు డాలస్ నుంచి హ్యూస్టన్‌కి ఇల్లు మారుతుంటే అద్దె ట్రైలర్ నా పికప్‌కి తగిలించాం. పరుపులు, సోఫాలు ముందు ఎక్కించాం. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పుస్తకాల పెట్టెలు ఆఖరున మిగిలితే వాటిని ట్రైలర్ వెనక భాగంలో పెట్టి తలుపు వేశాం. ఐ-45 హైవే మీద దిగుడులో స్పీడు పెరిగింది. ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. మొదట కొంచెమే. రెండో ఊపు దానికన్నా పెద్దది, మూడోది ఇంకా పెద్దది. నా పికప్ వెనక చక్రాలు కూడా దాంతో పాటు ఊగుతున్నాయి. అద్దంలో ట్రైలర్ ఒకసారి కుడి అద్దంలో, ఒకసారి ఎడమ అద్దంలో కనిపిస్తోంది. పక్కన కూర్చున్న స్నేహితుడు బ్రేకు బ్రేకు అని అరుస్తున్నాడు.

అప్పుడు బ్రేకు తొక్కి ఉంటే ట్రైలర్ మా మీదికి మడత పడేది. నేను కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసి, స్టీరింగ్ రెండు చేతులతో తిన్నగా పట్టుకుని ఉండిపోయాను. ఊపుకి ఎదురు తిప్పాలని చేతులు లాగుతాయి, తిప్పకూడదు. తిప్పితే ఊపు పెరుగుతుంది. దానంతట అదే స్పీడు తగ్గి ఊపు ఆగింది. తర్వాత వచ్చిన పెట్రోలు బంకులో ఆపి, సామానంతా కింద దించి, ఫ్రిజ్జూ మెషీనూ పుస్తకాలూ ముందుకి పెట్టి మళ్లీ ఎక్కించాం. మూడు గంటలు పట్టింది. అదే రోడ్డు, అదే బండి, అదే బరువు. హ్యూస్టన్ దాకా ఒక్కసారి కూడా ఊగలేదు.

ఇక్కడ చెప్పే లెక్క ఏమిటంటే సామానులో అరవై శాతం ట్రైలర్ ముందు సగంలో ఉండాలి. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హుక్కు మీద పడాలి. తక్కువ పడితే ఊగుతుంది. ఎక్కువ పడితే పికప్ వెనక కూర్చుని, ముందు తేలిపోతుంది, అంటే మీకు వచ్చిన జబ్బే. ఆ అద్దె ట్రైలర్ పక్కన 55 మైళ్లు దాటవద్దని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మేం దాన్ని పట్టించుకోలేదు. అదీ మా తప్పే.

ఇక్కడ ఉన్న మనవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం ఒక మాట. ప్రకటనలో 9,000 పౌండ్లు లాగుతుంది అని చూసి కొంటాం. డ్రైవర్ డోరు తీస్తే పక్కన పసుపు రంగు స్టిక్కరు ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఎంత మోయవచ్చో అందులో రాసి ఉంటుంది. నా దాంట్లో 1,500 పౌండ్లు. ట్రైలర్ 5,000 పౌండ్లయితే అందులో పన్నెండు శాతం, అంటే 600 పౌండ్లు హుక్కు మీద కూర్చుంటాయి. అదీ ఆ 1,500లోకే వస్తుంది. నలుగురం మనుషులం 700. ఇక మిగిలింది 200. తొట్టిలో జనరేటరు, ఐస్ డబ్బాలు వేస్తే దాటిపోయినట్టే. లాగగలిగింది వేరు, మోయగలిగింది వేరు.

ట్రైలర్ తగిలించే ఇనుప గుండు, అంటే బాల్, సైజు కూడా చూసుకోండి. ట్రైలర్ మూతికి ఉండే రెండంగుళాల కప్పుని అంతకన్నా చిన్న బాల్ మీద పెడితే కూర్చున్నట్టే ఉంటుంది, గతుకులో ఎగిరి ఊడుతుంది. లాక్ వేశాక ట్రైలర్ మూతిని జాకీతో పైకి ఎత్తి చూడండి. పికప్ వెనక భాగం కూడా దాంతో పాటు లేస్తే సరిగ్గా పట్టినట్టు. గొలుసులు రెండూ హుక్కు కింద కత్తెరలాగా అడ్డంగా వేయాలి. ఊడినా ట్రైలర్ మూతి రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద పడుతుంది.

కడియం_మొక్కలు · ఉదయం 9:50

అన్నయ్యలందరికీ నమస్తే. మాది నర్సరీ. మాకు బరువుతో కాదు, ఎత్తుతో ఇబ్బంది. ఎత్తు మొక్కలు వేస్తే లోడు తేలికే గానీ గోదావరి బ్రిడ్జి మీద గాలికి బండి ఒరుగుతుంది. మేం పెద్ద కుండీలని ముందు, మధ్యలో కింద సర్ది, ఎత్తు మొక్కలని పడుకోబెట్టి, మీద వల వేసి కట్టిస్తున్నాం. తాళ్ల గురించి ఎవరూ రాయలేదు, ఎవరైనా చెప్పరా? మాకు దారిలో రెండుసార్లు తాడు వదులైంది.

లారీ_30ఏళ్లు · ఉదయం 11:05

చెప్తానమ్మా. తాడు వదులవడం తాడు తప్పు కాదు. సరుకు సర్దుకుంటుంది. మిర్చి టిక్కీ అయితే మరీ, కదిలేకొద్దీ లోపల కాయ కుదించుకుని బస్తా నాలుగైదు అంగుళాలు దిగుతుంది. ఊళ్లో గిటారు తీగలా బిగించిన తాడు పదిహేను కిలోమీటర్లు పోయేసరికి చేతికి వేలాడుతుంది. అందుకే లోడుతో బయలుదేరాక మొదటి పదిహేను కిలోమీటర్లకి ఒకసారి ఆపి, చుట్టూ తిరిగి, ప్రతి తాడూ చేత్తో లాగి చూసి మళ్లీ బిగించాలి. తర్వాత టీకి ఆగినప్పుడల్లా. లారీ డ్రైవర్లు దిగగానే టైర్లని కాలితో తన్ని, తాడు లాగి చూడటం అందుకే.

కట్టేటప్పుడు తాడు మధ్యలో ఒక కన్ను వేసుకుని, కొసని కింద కొక్కెం చుట్టూ తిప్పి తెచ్చి, ఆ కంటిలోంచి కిందికి లాగాలి. కప్పీ మీద చేద లాగినట్టు మనిషి బలం కంటే ఎక్కువ బిగుతు వస్తుంది. కుడి నుంచి ఎడమకి అడ్డంగా కొన్ని, మూల నుంచి మూలకి కత్తెరలాగా రెండు. ఒకే పొడుగు తాడుతో అంతా చుట్టేయకూడదు, ఒకచోట తెగితే మొత్తం వదులవుతుంది. విడివిడి తాళ్లు వాడాలి. నైలాన్ తాడు ఎండకి పొడిబారుతుంది. చేత్తో నలిపితే పొడి రాలుతుంటే దాన్ని బావికో గొడ్డుకో వాడుకో, లోడుకి వద్దు. ఇనుము అంచు మీద తాడు పోయేచోట గోనె ముక్క పెట్టు.

పేర్చడం కూడా ఇటుక గోడలాగే. కింది రెండు టిక్కీల సందు మీద పై టిక్కీ మధ్య భాగం రావాలి. ఒకదాని నెత్తిన ఒకటి నిలువుగా పెడితే మలుపులో దొంతర కూలుతుంది. మొదటి వరస క్యాబిన్ గోడకి ఆనించి మొదలుపెట్టాలి, సందు ఉండకూడదు. సందు ఉంటే బ్రేకు కొట్టినప్పుడు లోడంతా ఒక్కసారి ముందుకి గుద్దుతుంది.

టైర్ల_కొట్టు_పల్నాడు · మధ్యాహ్నం 12:20

సగం నీళ్లున్న ట్యాంకు గురించి కూడా ఒక్క మాట. మందు కొట్టడానికి వెయ్యి లీటర్ల ట్యాంకు పికప్‌లో తీసుకెళ్తారు. నిండుగా ఉంటే కదలదు, ఖాళీ అయితే బరువు లేదు. సగం ఉంటేనే ప్రమాదం, మలుపులో అర టన్ను నీళ్లు ఒక పక్కకి పరుగెత్తుతాయి. నింపితే పూర్తిగా నింపండి, లేదంటే పొలం దగ్గరే నింపుకోండి.

త్రిపురాంతకం_రైతు · ఫిబ్రవరి 28, రాత్రి 10:40

శనివారం ట్రిప్పు వేసి వచ్చాను. వివరంగా రాస్తాను, నాలాంటి కొత్తవాళ్లకి పనికొస్తుంది.

పట్టీలు వేయించలేదు. 30 టిక్కీలే ఒప్పుకున్నాను. మిగిలినవి ఊళ్లో ఇంకో ఇద్దరివి కలిపి సోమవారం ఐషర్‌లో పంపించాం, కిరాయి టిక్కీల లెక్కన పంచుకున్నాం. హమాలీ మేస్త్రీకి ముందే చెప్పాను, డోరు మూసే ఉండాలి, క్యాబిన్ వైపు నుంచి మొదలుపెట్టాలి అని. కింద మూడు వరసలు నిండుగా, ఎనిమిదేసి చొప్పున. నాలుగో వరసలో మిగిలిన ఆరూ ముందుకి, క్యాబిన్‌కి ఆనించి. వెనక భాగం మెట్టులాగా దిగి ఉంది. మేస్త్రీ చూసి ఇంకో పది పడతాయి కదయ్యా అన్నాడు. వద్దన్నాను.

ఊరి బయట కాటా వేయించాను. అన్న చెప్పకపోయినా కాటా అబ్బాయే సలహా ఇచ్చాడు, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఆపి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి తూచాం. మొత్తం 3,230. ముందు 1,220. అంటే వెనక 2,010. టైర్ల లెక్క 2,060. మొత్తం హద్దు 3,240. గీతకి లోపలే ఉన్నాను, కానీ ఎంత దగ్గరగా ఉన్నానో చూస్తే గుండె ఝల్లుమంది. మొన్న 48 టిక్కీలతో ఎక్కడ ఉన్నానో ఇప్పుడు అర్థమైంది.

త్రిపురాంతకం దాటాక పక్కకి ఆపి తాళ్లు చూశాను. ఆరు తాళ్లలో నాలుగు వదులైనాయి. ఒకటైతే వేలు దూరేంత. మళ్లీ బిగించాను. స్టీరింగ్ చేతిలో బరువుగా, చెప్పినట్టు విన్నది. వినుకొండ తర్వాత అదే రోడ్డు మీద అరవైలో పోయినా ముక్కు కదల్లేదు. ఒక్కడు కూడా లైటు కొట్టలేదు.

ట్రాక్టర్‌కి కొత్త పిన్ను, క్లిప్పు, గొలుసు పడ్డాయి. పెడళ్ల పట్టీ వెల్డింగ్ షాపులో ఊడదీసి నూనె పెట్టి బిగించాం. మా తమ్ముడు మొదట ఎందుకన్నాడు. కట్ట దిగాక తనే వచ్చి, బండి తిన్నగా ఆగుతోందన్నా అని చెప్పాడు.

మాచర్ల_బండి · రాత్రి 11:25

అన్నా, ముందు చక్రాలు విడిగా తూచడానికి కాటావాడు ఎక్కువ డబ్బులు అడిగాడా? రేపు ఉదయం నాది కూడా అలా తూపిద్దామనుకుంటున్నాను. లోడు 52 ఉంది. కాటా చూశాకే ఎన్ని దింపాలో చూస్తాను.

త్రిపురాంతకం_రైతు · రాత్రి 11:32

రెండు చీటీలకి డబ్బులు తీసుకున్నాడు, అంతే తమ్ముడూ. ఆర్‌సీ, టైరు అంకె రెండూ రాసుకుని వెళ్లు. దింపాల్సి వస్తే ముందు వెనకవి దింపు. అంకెలు ఇక్కడ పెట్టు, అన్నవాళ్లు చూసి చెప్తారు.